వర్ధమానపురం నుంచి వారపత్రిక దాకా: ప్రేమ నవల పుట్టుపూర్వోత్తరాలు

పెళ్లి ముహూర్తం ముంచుకొస్తోంది. ఆదవోని రాకుమారి అన్నాంబికను పెళ్లికూతుర్ని చేశారు. అంతలో పెళ్లికొడుకును ఎవరో ఎత్తుకుపోయారు. ఆ పని చేసినవాడు గోన గన్నారెడ్డి. లోకం దృష్టిలో గజదొంగ. అడవి బాపిరాజు 1940ల్లో రాసిన 'గోన గన్నారెడ్డి' నవలను ఈ ఘట్టమే పరుగెత్తిస్తుంది. సొంతవాళ్లకు ఎదురుతిరిగి, చెడ్డపేరు నెత్తికెత్తుకుని తిరిగే కుర్రవాడు ఒకపక్క, తన ఇష్టంతో పని లేకుండా కుదిర్చిన పెళ్లి తప్పిపోయిన పిల్ల ఇంకోపక్క. చివరికి ఆ గజదొంగే రుద్రమదేవి పక్షాన నిలిచిన వీరుడని తేలుతుంది. అమెరికన్ రచయిత్రి కొలీన్ హూవర్ ప్రేమ నవలల కోసం ఎగబడే ఇవాళ్టి కాలేజీ పిల్లలకు కత్తులూ గుర్రాలూ తప్ప ఇందులో మరేదీ పరాయిగా తోచదు.

కథ బాపిరాజు అల్లినదే అయినా మనిషి మాత్రం నిజం. గోన వంశం కాకతీయుల సామంతులు. వాళ్ల వర్ధమానపురమే పాలమూరు ప్రాంతంలో, నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న నందివడ్డెమాన్. 'రంగనాథ రామాయణం' రాసిన గోన బుద్ధారెడ్డిదీ ఆ వంశమే. గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆదవోని మొదలైన కోటలు గెలిచి, 1294లో రాయచూరు కోట కట్టించాడని అక్కడి శాసనం చెబుతోంది. శాసనంలో గెలిచిన కోటగా ఉన్న ఆదవోని, నవలలో నాయిక పుట్టిల్లయింది. భీమవరం ప్రాంతం నుంచి వచ్చి హైదరాబాదులో 'మీజాన్' పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన బాపిరాజు పాలమూరు గడ్డ మీది సామంతుణ్ణి తెలుగువాళ్లందరి ప్రేమకథానాయకుణ్ణి చేశాడు.

అంతకు చాలా ముందే ఈ నేల మీద ప్రేమకథలకు రాజపోషణ ఉండేది. కొల్లాపురం దగ్గరి జటప్రోలును ఏలిన సురభి మాధవరాయలు 17వ శతాబ్దంలో స్వయంగా 'చంద్రికా పరిణయం' రాశాడు. గద్వాల ఆస్థానంలో కాణాదం పెద్దన సోమయాజి 'ముకుంద విలాసం' చెప్పాడు. ఏటా పండిత సభలు జరిపి సత్కారాలు చేసిన గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరొచ్చింది. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలూ కవులను ఆదరించాయి. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేస్తూ ఈ సంస్థానాలన్నీ తిరిగారు.

ఇలాంటి ప్రబంధాల్లోనూ ప్రేమించిన పడుచువాళ్లకు బాధ ఉంది. నాయిక చందమామను తిడుతుంది, మన్మథుణ్ణి దూషిస్తుంది. చెలికత్తెలు గంధం పూసి, తామరాకుల మీద పడుకోబెట్టి ఉపచారాలు చేస్తారు. ఆ బాధకు కారణం ఒక్కటే, ఎడబాటు. మందూ ఒక్కటే, పెళ్లి. ప్రేమలో పడకముందు నాయకుడికి బాల్యం, అప్పు, అవమానం ఏవీ ఉండవు. దెబ్బ తగిలిన మనిషి ఆ దెబ్బతోనే వచ్చి ప్రేమలో పడటం నవల తెచ్చిన మార్పు.

తెలుగు నవల పుడుతూనే ప్రేమను వెంటబెట్టుకొచ్చింది. నరహరి గోపాలకృష్ణమ శెట్టి 1872లో ప్రచురించిన 'శ్రీరంగరాజ చరిత్ర'కు 'సోనాబాయి పరిణయం' అని ఇంకో పేరు. రాజవంశపు యువకుడు లంబాడీ గూడెంలో పెరిగిన పిల్లను వలచిన కథ అది. కులాన్నీ తాండానూ దాటే ప్రేమ మన మొదటి నవలల్లోనే ఉందన్నమాట. 1920ల చివర చలం 'మైదానం'లో రాజేశ్వరి భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోయింది. పెళ్లితో కథ ముగించే అలవాటును చలం అక్కడ తెంచేశాడు.

మనసులోని గాయాన్ని నవలకు ఇరుసు చేసినవాడు బుచ్చిబాబు. 1946లో ధారావాహికగా మొదలైన 'చివరకు మిగిలేది'లో దయానిధిని తల్లి మీద పడ్డ నింద వెంటాడుతుంది. ఎవరు దగ్గరికొచ్చినా ఆ నీడ మధ్యలో నిలబడుతుంది. ప్రేమించాలని ఉన్నా ప్రేమించలేని యువకుడు తెలుగులో అంత పూర్తిగా కనిపించడం అదే తొలిసారి. కొత్తగా పెద్దవాళ్లయిన ఇలాంటి పడుచువాళ్ల పుస్తకాలకు ఇంగ్లిష్‌లో 'న్యూ అడల్ట్' అని పేరు పెట్టింది 2009లో సెయింట్ మార్టిన్స్ ప్రెస్. అప్పటికి దయానిధికి అరవై ఏళ్లు దాటాయి.

అయితే బుచ్చిబాబును చదివినవాళ్లు వేలల్లో ఉంటే, యద్దనపూడి సులోచనారాణిని చదివినవాళ్లు లక్షల్లో ఉన్నారు. 1960ల మధ్యలో 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన 'సెక్రటరీ' తెలుగు ప్రేమ నవలకు అచ్చు పోసింది. జయంతి ఉద్యోగం చేసుకుని బతికే పిల్ల. రాజశేఖరం డబ్బున్నవాడు. వాళ్ల మధ్య అడ్డం ఆమె అభిమానమూ అతని అహమూను. ఆరడుగుల అందగాడు, కారు, బంగళా అని ఎగతాళి చేయడం తేలిక. చదువుకుని ఉద్యోగానికి బయల్దేరిన మొదటి తరం ఆడపిల్లలకు ఆ నవల ఇచ్చిన ధైర్యం వేరు: డబ్బున్నవాడి ముందు తలవంచకుండానే అతన్ని ప్రేమించవచ్చు. ఆ రోజుల్లోనే రంగనాయకమ్మ 'బలిపీఠం'లో దళిత యువకుడు భాస్కర్‌కూ బ్రాహ్మణ వితంతువు అరుణకూ పెళ్లి చేసి, ఆ తర్వాత కాపురంలో కులం ఏం చేస్తుందో చూపించింది. ఈ రెండు నవలలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ తరం ఆశా, భయమూ రెండూ తెలుస్తాయి.

వార, మాస పత్రికల సీరియళ్లు, ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, అద్దెకు నవలలిచ్చే బడ్డీ దుకాణాలు ఈ ప్రేమకథలను చిన్న ఊళ్లకు చేర్చాయి. కొనడం భారమైన ఇళ్లలో ఒక్క పుస్తకం అక్కచెల్లెళ్ల నుంచి ఇరుగుపొరుగు దాకా తిరిగి, అట్ట ఊడిపోయి దుకాణానికి తిరిగొచ్చేది. ఆ కాలంలో తెలంగాణ నుంచి మాదిరెడ్డి సులోచన విరివిగా రాసింది. పాలమూరు ఆడబిడ్డ పోల్కంపల్లి శాంతాదేవి కూడా ఈ దారిలోనే పేరు తెచ్చుకుంది. ఆమె నవల 'చండీప్రియ' 1980లో జయప్రద, శోభన్‌బాబులతో సినిమాగా వచ్చింది.

కుర్రవాడి వైపు కథను అంపశయ్య నవీన్ చెప్పాడు. 1969లో వచ్చిన 'అంపశయ్య' ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి జీవితంలో ఒకే ఒక్క రోజు. పల్లె నుంచి వచ్చిన పేద విద్యార్థి అతను. జేబు ఖాళీ, ఇంటి దిగులు, ఆడపిల్లల మీద ఆకర్షణ, తన మీద తనకే చులకన. పాలమూరు పల్లెల నుంచి హైదరాబాదు హాస్టళ్లకు వెళ్లిన పిల్లలకు ఆ రోజు గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 1980ల్లో యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల'తో ఫోను గొంతును ప్రేమించే చదరంగం ఆటగాణ్ణి తెచ్చాడు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సీరియల్ అనే మాట పత్రిక పేజీ వదిలి టీవీ తెరకెక్కింది. అద్దె బడ్డీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఇంతమంది రాసినా ఒకటి మాత్రం చాలాకాలం మారలేదు. ప్రేమించుకునేవాళ్లు ఎక్కువగా పత్రికల తెలుగే మాట్లాడారు. బిజినేపల్లిలో పుట్టిన పాకాల యశోదారెడ్డి 1973లో 'మా ఊరి ముచ్చట్లు'తో పాలమూరు పలుకును కథలకెక్కించింది. ప్రేమ నవల మాత్రం ఆ పలుకును పనిమనిషికో హాస్యపాత్రకో ఇచ్చి సరిపెట్టుకుంది. తెలంగాణ యాసలో దబాయించే ప్రేమనాయికను 2017లో 'ఫిదా' సినిమా భానుమతిగా నిలబెడితే జనం విరగబడి చూశారు. నవల రాయాల్సిన పని సినిమా చేసింది.

ఇప్పుడు సీరియల్ ఫోనులోకి వచ్చింది. ప్రతిలిపి లాంటి యాప్‌లలో గద్వాలలో ఉన్న పిల్లయినా వనపర్తిలో ఉన్న పిల్లయినా రాసిన భాగాన్ని రాసిన రోజే పాఠకుల ముందు పెట్టగలదు. సంపాదకుడి తపాలా కోసం కాచుకోనక్కర్లేదు. కానీ ఈ కథల్లో చాలావాటిలో నాయకుడు ఇంకా కోటీశ్వరుడే. అతని కోపానికి కారణం చిన్నప్పటి దుఃఖం, దానికి మందు నాయిక ఓర్పు. ఇంగ్లిష్ న్యూ అడల్ట్ నవలల మీద ఉన్న పెద్ద ఫిర్యాదూ ఇదే. మొరటుతనానికి గాయం ఒక సాకుగా మారి, దాన్ని మాన్పే చాకిరీ పిల్ల మీద పడుతుంది. యాభై అరవై ఏళ్ల కిందటి జయంతి ఆ చాకిరీకి ఒప్పుకోలేదు. ఆ సంగతి ఈ కొత్త నాయికలకు గుర్తుచేయాలి.

పాలమూరులో గాయానికి చిరునామా వేరు. ఎండిన బోరు కింద మిగిలిన అప్పు, వలసపోయిన నాన్న, అవ్వ దగ్గర పెరిగిన బాల్యం, నోటిఫికేషన్ల కోసం కోచింగ్ గదుల్లో కరిగిపోయే ఇరవైలు. ఇక్కడి యువకుడు ప్రేమించిన పిల్లతో పెళ్లి మాట ఎత్తాలంటే మనసు కుదుటపడితే చాలదు, ఇంటి లెక్క కూడా తేలాలి. బుచ్చిబాబు మనసు గాయాన్ని రాశాడు, నవీన్ ఖాళీ జేబును రాశాడు, యద్దనపూడి ఆడపిల్ల అభిమానాన్ని రాసింది. ఈ మూడూ ఒకే ఇంట్లో కాపురముండే నవలను, ఆ ఇంటి మాటల్లోనే, ఇక్కడి పిల్లలే రాయాలి.