చర్చిల్ మొదటి విస్కీ, గోదారి లంక చుట్ట

1897 సెప్టెంబరు. వాయవ్య సరిహద్దు కొండల్లో మలకండ్ దళంతో తిరుగుతున్న ఇరవై రెండేళ్ల అధికారికి గొంతు ఎండిపోతోంది. పేరు విన్‌స్టన్ చర్చిల్. బెంగళూరులో ఉన్న తన అశ్వికదళంలో సెలవు పెట్టి, పత్రికలకు యుద్ధవార్తలు రాస్తానని అంతదూరం వచ్చాడు. అక్కడ టీ కాకుండా తాగడానికి దొరికేవి మూడే. గోరువెచ్చటి నీళ్లు, ఆ నీళ్లలో నిమ్మరసం, లేదంటే ఆ నీళ్లలోనే విస్కీ. విస్కీ రుచి అతనికి గిట్టేది కాదు. అయిదు రోజుల్లో ఆ అసహ్యం పూర్తిగా పోయిందని 1930లో అచ్చయిన 'మై ఎర్లీ లైఫ్'లో చెప్పుకున్నాడు.

సిగార్‌తో పాటు తాగడానికి మొదటి విస్కీగా ఏది తీసుకోవాలని అడిగేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. అడిగిన ప్రతివాళ్లకీ నేను ఈ కథే చెబుతాను. చేతిలో సిగార్, పక్కన విస్కీ గ్లాసు అనగానే లోకానికి గుర్తొచ్చే మనిషి తన మొదటి విస్కీని ఎంచుకోలేదు. ఎండా, నీళ్లూ కలిసి అతని చేత తాగించాయి.

చర్చిల్ తండ్రి రాండోల్ఫ్ కాలంలో ఇంగ్లిషు పెద్దమనుషులకు బ్రాందీ సోడాయే పానీయం. చలి కొరికే కొండప్రాంతాల్లో వేటకు వెళ్తే తప్ప తన తండ్రి విస్కీ ముట్టి ఉండడని చర్చిల్ రాశాడు. మరి ఒక్క తరంలో బ్రాందీ పోయి విస్కీ ఎలా వచ్చింది? కారణం ఒక పురుగు. అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు 1860లలో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో దిగి వేళ్లను కొరికేయడం మొదలుపెట్టింది. 1870లలో కొన్యాక్ తోటలకూ పాకింది. బ్రాందీ కరవైంది.

అప్పటికి స్కాట్లాండ్ దగ్గర సరుకు సిద్ధంగా ఉంది. 1830లో ఏనియస్ కాఫీ అనే ఆయన ఆగకుండా నడిచే బట్టీకి పేటెంటు తీసుకున్నాడు. అందులో ధాన్యంతో తీసిన సారా తేలికగా, చవకగా వచ్చేది. రాగి కుండల్లో కాచిన మాల్ట్ విస్కీ ఘాటుగా, బట్టీకో రకంగా ఉండేది. ఈ రెంటినీ కలపడానికి 1860 నాటి చట్టం దారి తెరిచింది. ఎడిన్‌బరోలో ఆండ్రూ అషర్ లాంటి వ్యాపారులు ఆ కలపడాన్ని ఒక విద్యగా చేశారు. అలా పుట్టిన బ్లెండెడ్ విస్కీ సోడాలో చక్కగా ఇమిడింది, ఓడెక్కి మద్రాసు దాకా వచ్చింది.

ఇక పొగ సంగతి. ఈ జోడీని మనం పూర్తిగా పరాయిదనుకుంటాం గానీ, అందులో మన గోదావరి ఆకు కూడా కాలింది. 'చెరూట్' అనే ఇంగ్లిషు మాట తమిళ 'చురుట్టు' నుంచి పుట్టింది. మన చుట్టకు దగ్గరి చుట్టమే. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు తిరగేస్తే 'లుంకా' అనే మాట దొరుకుతుంది. గోదావరి డెల్టా లంకల్లో పండిన పొగాకుతో చేసే ఘాటైన చుట్ట అనీ, మద్రాసు రాజధానిలో దానికి మంచి గిరాకీ ఉందనీ అందులో రాశారు.

నాలుగేళ్లకు ఆ మాట ఇంకో చోట తేలింది. 1889 ఆగస్టు 30న లండన్ లాంగమ్ హోటల్లో ఒక అమెరికన్ పత్రికా సంపాదకుడు ఆస్కార్ వైల్డ్‌నీ, ఆర్థర్ కానన్ డాయల్‌నీ భోజనానికి పిలిచి చెరో నవలా రాయమన్నాడు. డాయల్ రాసిచ్చింది 'ది సైన్ ఆఫ్ ఫోర్'. 1890లో అచ్చయింది. అందులో షెర్లాక్ హోమ్స్ 140 రకాల పొగాకు బూడిదల మీద తాను రాసిన వ్యాసం గురించి చెబుతూ, హంతకుడు తాగింది లుంకా అని బూడిదను బట్టి తేలిస్తే వెతకాల్సినవాళ్ల సంఖ్య తగ్గిపోతుందంటాడు. ఆ వాక్యం మొదటిసారి చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. బేకర్ స్ట్రీట్‌లో మా లంక పొగాకు! మరుసటి ఏడాది వచ్చిన 'ది రెడ్-హెడెడ్ లీగ్'లో అదే హోమ్స్ కేసు ముగించి, తెల్లవారుజామున వాట్సన్‌తో కూర్చుని విస్కీ సోడా తాగుతాడు.

లంక నేల ఏటేటా కొత్తది. వరద తీశాక మిగిలిన ఒండ్రులో నారు నాటుతారు. ఆకు కోసి, ఆరగట్టి, మండె వేస్తే లోపల వేడెక్కి రంగు ముదురుతుంది. మా తాతయ్య అరుగు మీద కూర్చుని చుట్ట చుట్టడం చూస్తూ పెరిగాను. ఆకు మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి, మెత్తబడ్డాక ఈనెను ఒక్క లాగులో తీసేవాడు. తునకలు లోపల సర్ది, మంచి ఆకు పైన చుట్టి, కొస మెలిపెట్టి చెవి దగ్గర పెట్టుకుని నలిపేవాడు. ఆ చప్పుడును బట్టి తడి ఎంత ఉందో తెలిసిపోయేదట.

చుట్టయినా సిగార్ అయినా పొగకు క్షారగుణం ఉంటుంది. నికోటిన్ నోటి పొరల్లోంచే ఒంట్లోకి దిగిపోతుంది, నాలుక పొడిబారుతుంది. ఆ నాలుక మీద నీళ్లు కలపని ఘాటు విస్కీ పోస్తే మంట తప్ప మరేమీ తెలియదు. అందుకే తేలికైన బ్లెండెడ్ విస్కీ గానీ, షెర్రీ పీపాల్లో ఊరి ఎండుద్రాక్ష రుచి పట్టిన మాల్ట్ గానీ మొదట తీసుకుని నీళ్లు ధారాళంగా కలపమంటాను. చర్చిల్ కూడా ముసలితనం దాకా గ్లాసు అడుగున కొంచెం జానీ వాకర్ వేసి, మిగతాదంతా నీళ్లతోనో సోడాతోనో నింపి గంటలకొద్దీ చప్పరించేవాడు. ఐలా దీవి విస్కీలు, అంటే లగావులిన్, లాఫ్రోయిగ్ లాంటివి, తర్వాతి మాట. వాటికి వాడే మొలకెత్తిన బార్లీని పీట్ మట్టి పొగలో ఆరబెడతారు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. మన చుట్ట తెచ్చే నోటి క్యాన్సర్ గురించి 1945లోనే ఖానోల్కర్, సూర్యాబాయి అనే పరిశోధకులు రాశారు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన ఆడవాళ్ల అంగిళ్లు ఏమయ్యాయో అక్కడి వైద్యులకు బాగా తెలుసు. పొగకు మద్యం తోడైతే నోటికీ గొంతుకీ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఎప్పుడో ఒక సాయంత్రమైతే సరే గానీ, రోజూ అంటే నేను ఒప్పుకోను.

మా బాబాయి ఒకసారి విదేశం నుంచి ఐలా సీసా తెచ్చాడు. తాతయ్య గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఏంటి నాన్నా, బాలేదా?" అన్నాడు బాబాయి.

"మంచిదేరా. కానీ ఇందులో పొగ ముందే ఉంది కదా."

వెలిగించబోయిన చుట్టను చూరులో దోపాడు. కూజాలోంచి గ్లాసు నిండా నీళ్లు వంపుకుని, ఏటివైపు తిరిగి కూర్చున్నాడు.