ఇద్దరు ఒక్కరైన చోట: వంశవృక్షాల విలీనం – తెలుగు బంధుత్వ వ్యవస్థ – చరిత్ర రచనా పద్ధతి

కాకతీయుల తొలి తరాలను గురించి మనకు రెండు వంశపట్టికలు లభిస్తున్నాయి. మొదటిది క్రీ.శ. 956 నాటి మాంగల్లు తామ్రశాసనంలోనిది. కాకర్త్య గుండ్యన కోరిక మేరకు వేంగీ చాళుక్యరాజు దానార్ణవుడు దొమ్మన అనే బ్రాహ్మణునికి చేసిన దానాన్ని ఇది తెలుపుతుంది. ఆ సందర్భంలోనే గుండ్యన పూర్వులుగా గుండియ రాష్ట్రకూట, ఎఱియ రాష్ట్రకూట, బేతియ అనే మూడు తరాలవారిని పేర్కొంటుంది. రెండవది 13వ శతాబ్దికి చెందిన బయ్యారం చెరువు శాసనం. దీనిని వేయించినది గణపతిదేవుని సోదరి, నతవాడి రుద్రుని భార్య అయిన మైలమ. ఇందులో వెన్నడు, గుండడనే పేరుతో వరుసగా ముగ్గురు, ఎఱ్ఱడు, పిండిగుండడు, గరుడ బేతడు కనిపిస్తారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పి.వి. పరబ్రహ్మశాస్త్రి చేసిన సమన్వయం చరిత్ర విద్యార్థులకు సుపరిచితం. మాంగల్లులోని గుండియ బయ్యారంలోని మూడవ గుండడనీ, ఎఱియ ఎఱ్ఱడనీ, కాకర్త్య గుండ్యన పిండిగుండడనీ ఆయన గుర్తించారు. అయితే ఒక చిక్కు మిగిలింది. మాంగల్లు చెప్పిన బేతియ బయ్యారంలో లేడు. ఆయన ఆ పేరును కొట్టివేయలేదు. ఆడపడుచు వేయించిన శాసనంలో ఒక తరం ఎందుకు జారిపోయిందని ప్రశ్నించారు. బేతియ అకాలమరణం పొంది ఉండవచ్చు, లేదా చెప్పుకోదగిన అధికారం లేనివాడై ఉండవచ్చునన్న ఊహ ఆ ప్రశ్ననుంచే పుట్టింది. రెండు పట్టికల మధ్య భేదం ఇక్కడ దోషం కాదు, ఆధారం.

నేడు వేలాది తెలుగు కుటుంబాలు కంప్యూటర్ల మీద చేస్తున్న పని స్వభావంలో ఇదే. హైదరాబాదులో ఒకరు, డాలస్‌లో మరొకరు తమకు తెలిసినంతవరకు వంశవృక్షాన్ని సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేస్తారు. ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆపైన రెండింటినీ ఒకటి చేస్తారు. ఈ విలీనాన్ని కేవలం యాంత్రికమైన పనిగా భావించడం వల్ల జరిగే నష్టమేమిటో, తెలుగు బంధుత్వ వ్యవస్థలో ఆ నష్టం ఎందుకు ఎక్కువో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఫైలు స్వరూపం

వంశవృక్ష సమాచారాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొక దానికి చేరవేసే ఉమ్మడి రూపం పేరు జెడ్‌కామ్. అమెరికాలోని లేటర్ డే సెయింట్స్ చర్చి 1984లో దీనిని రూపొందించింది. పూర్వీకుల పేర్లు సేకరించడం ఆ చర్చికి మతపరమైన విధి కావడం వల్ల ఈ రంగంలో ముందడుగు దానిదే అయింది. జెడ్‌కామ్ ఫైలు నిజానికి సాదా పాఠం. ఒక్కొక్క వ్యక్తికి ఒక రికార్డు. భర్త, భార్య, పిల్లలను కలిపే కుటుంబానికి మరొక రికార్డు. ప్రతి రికార్డుకూ ఒక సంఖ్య. అయితే ఆ సంఖ్య ఆ ఫైలుకే పరిమితం. మా ఫైలులో 14వ వ్యక్తి మా తాతగారైతే, మా బావ ఫైలులో 14వ వ్యక్తి ఎవరైనా కావచ్చు. కాబట్టి రెండు ఫైళ్ళు కలిసినప్పుడు ఎవరు ఎవరో పోల్చడానికి యంత్రానికి ఉన్న దారి పేర్లు, తేదీలు, ఊళ్ళు, బంధుత్వాలు మాత్రమే. అవి దగ్గరగా ఉంటే "వీరిద్దరూ ఒకరేనా?" అని అడుగుతుంది. అడగడం వరకే దాని పని.

పేరులో ఇంటిపేరును రెండు ఏటవాలు గీతల మధ్య ఉంచాలన్నది జెడ్‌కామ్ నియమం. ఇంటిపేరు పొడి అక్షరంగానే మిగిలిన మన పద్ధతికి ఇది సరిపడదు. భూమి కాగితంలో "కె." అని ఉన్నది ఏ ఇంటిపేరో తెలియక దానిని వ్యక్తిపేరులో భాగంగా చేర్చినవారు ఉన్నారు. లిపి సంగతి మరీ విచిత్రం. 1996 నాటి 5.5 రూపంలో ప్రధానమైన అక్షర సంకేతం లాటిన్ లిపికోసం ఏర్పడినది. యూటీఎఫ్-8 సంకేతం 1999లో ముసాయిదాగా వచ్చిన 5.5.1తో ప్రవేశించింది, ఆ ముసాయిదాకు ప్రామాణిక హోదా 2019లో గాని రాలేదు. 2021లో వచ్చిన 7.0 రూపం యూటీఎఫ్-8ను తప్పనిసరి చేసింది. తెలుగులో రాసుకున్న పేర్లు మరొక కంప్యూటర్‌లో ప్రశ్నార్థకాల వరుసగా మారడం చూసినవారు ఇంగ్లీషు అక్షరాలకు మళ్ళారు. అక్కడ ఒకే సుబ్బమ్మ పేరు నాలుగు స్పెల్లింగులతో నలుగురు మనుషులైంది.

ఇంకొక విశేషం. జెడ్‌కామ్‌లో కులాన్ని నమోదు చేయడానికి ప్రత్యేక సంకేతం ఉంది. గోత్రానికి లేదు. వివాహ నిర్ణయంలో గోత్రాన్ని పాటించే కుటుంబాలు దానిని ఏ "గమనిక"లోనో పెట్టుకోవాలి. విలీనంలో ముందుగా చెదిరేవి ఆ గమనికలే.

పేరు, తిథి, వరుస

తాత పేరు మనుమడికి పెట్టడం మన ఆచారం. కాకతీయులలోనే మొదటి బేతరాజు, మొదటి ప్రోలరాజు, రెండవ బేతరాజు, రెండవ ప్రోలరాజు అనే వరుస ఉంది. మొదటి, రెండవ అన్న సంఖ్యలు ఆధునిక చరిత్రకారులు తగిలించినవి; శాసనాలలో గరుడ బేతడు, పిండిగుండడు వంటి విశేషణాలే మనిషిని మనిషి నుంచి వేరుచేస్తాయి. ఇళ్ళలో ఆ పని పెద, నడిపి, చిన అనే మాటలు చేస్తాయి. నానమ్మ పేరును అక్కకూ చెల్లెలికీ పెట్టి పెద, చిన అని పిలవడం ఎన్నో కుటుంబాలలో ఉన్నదే. కాగితం మీదికి వచ్చేసరికి ముందుగా రాలిపోయేవి ఆ చిన్న మాటలే.

రుద్రమదేవి ఉదాహరణ మరింత లోతైనది. ఆమె శాసనాలలో రుద్రదేవ మహారాజుగా పురుషనామంతో కనిపిస్తుంది. ఆమెకు పూర్వం వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడున్నాడు. ఆమె తరువాత కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడున్నాడు. మార్కోపోలో ఆమెను మరణించిన రాజు భార్యగా చెప్పాడు. తొలితరం చరిత్రకారులు కొందరు దానిని అనుసరించి ఆమెను గణపతిదేవుని రాణిగా భావించారు. ఆమె అతని కుమార్తె అని స్థిరపరచినవి శాసనాలు. పేరు, లింగం, బంధుత్వం అనే మూడు అంశాలలోనూ తడబాటుకు తావున్న ఈ వ్యక్తిని ఏ సాఫ్ట్‌వేర్ సరిగా పోల్చగలదు?

తేదీల విషయంలో మన జ్ఞాపకం తీరే వేరు. తద్దినం పెట్టే ఇంట్లో చనిపోయిన తిథి తరాలపాటు నిలుస్తుంది, సంవత్సరం నిలవదు. నిలిచినా "విరోధి ఏడాది" అని నిలుస్తుంది. విరోధి 1889–90లో వచ్చింది, 1949–50లో వచ్చింది, 2009–10లో మళ్ళీ వచ్చింది. జెడ్‌కామ్ 5.5.1 గ్రెగోరియన్, జూలియన్, హీబ్రూ, ఫ్రెంచి విప్లవ పంచాంగాలను గుర్తిస్తుంది. మన పంచాంగానికి అందులో చోటు లేదు. తిథిని మాటలలో రాసిపెట్టుకోవచ్చు. కాని యంత్రం దానిని పోల్చలేదు.

మేనరికం సంగతి వేరే చెప్పాలి. మేనత్త మేనమామల పిల్లలు పెళ్ళాడితే వారి బిడ్డకు ముత్తాతలు, తాతమ్మలు ఎనిమిది మందికి బదులు ఆరుగురే ఉంటారు. మేనమామను పెళ్ళాడిన సందర్భంలో ఒకే దంపతులు బిడ్డకు తండ్రివైపు నుంచి తాత, నానమ్మ. తల్లివైపు నుంచి ముత్తాత, తాతమ్మ. చెట్టు అనే రూపకం ఇక్కడ చాలదు. కొమ్మలు తిరిగి కలిసే అల్లిక ఇది. వృక్షపటంలో ఒక మనిషి రెండు చోట్ల కనబడితే కంగారుపడి ఒకదాన్ని తొలగించడం, వేర్వేరు మనుషులను పొరపాటున కలపడం రెండూ జరుగుతాయి. పైగా మామ అంటే తల్లి సోదరుడూ, భర్త తండ్రీ కూడా. అత్త అంటే తండ్రి సోదరీ, భర్త తల్లీ కూడా. ట్రాట్‌మన్ 1981లో వెలువరించిన ద్రావిడ బంధుత్వ గ్రంథం ఈ వ్యవస్థ అంతస్సూత్రాన్ని వివరించింది. "ఆయన మాకు మామ వరుస" అని పెద్దవారు చెప్పినప్పుడు ఏ మామ అని అడగకుండా నమోదు చేసిన సమాచారం విలీనంలో తప్పక చిక్కు తెస్తుంది.

స్త్రీల దగ్గర కలిసే చెట్లు

ఇద్దరు బంధువుల ఫైళ్ళు ఎక్కడ కలుస్తాయో గమనిస్తే ఒక సంగతి బోధపడుతుంది. రెండు వేర్వేరు ఇంటిపేర్ల వృక్షాలు దాదాపు ఎప్పుడూ ఒక వివాహిత దగ్గరే కలుస్తాయి. పుట్టింటివారికి ఆమె తల్లిదండ్రులు తెలుసు. అత్తింటివారికి ఆమె సంతానం తెలుసు. కాని సంప్రదాయ వంశవృక్షంలో అతి తక్కువగా నమోదయ్యేది ఆమె. పుట్టింటి పట్టికలో ఆమె దగ్గర కొమ్మ ఆగిపోతుంది. అత్తింటి పట్టికలో ఇంటిపేరు మారి, కొన్నిసార్లు పేరే మారి, "భార్య" అన్న మాటగా మిగులుతుంది. విలీనమంతా ఎవరిమీద ఆధారపడి ఉందో ఆమె గురించే ఆధారం కరవు. మెట్టినింటికి వెళ్ళిన మైలమ తన పుట్టింటి వంశాన్ని రాతిమీద చెక్కించడం ఈ దృష్టితో చూస్తే అరుదైన విషయమే.

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పవలసి ఉంది. పరిశోధన వ్యాసంలో ఇంటి సంగతులేమిటని కొందరు అనవచ్చు. అయితే తప్పు చేసినది నేను కాబట్టి, దానిని నమోదు చేయడం నా బాధ్యత.

అమెరికాలో ఉంటున్న మా బావ, అంటే మా మేనత్త కొడుకు, తన ఫైలు పంపాడు. అందులోనూ మా ఫైలులోనూ మా తాతగారి భార్య పేరు ఒకటే, ఆమె తండ్రి పేరు ఒకటే, ఊరు ఒకటే. సాఫ్ట్‌వేర్ వారిద్దరూ ఒకరేనా అని అడిగింది. అవునన్నాను. వెంటనే ఒక హెచ్చరిక వచ్చింది: తల్లి మరణించిన నాలుగేళ్ళకు ఆమెకు బిడ్డ పుట్టినట్టుందని. మా నానమ్మ నా చిన్నతనంలో నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి. బావ ఎక్కడో మరణ సంవత్సరం తప్పుగా వేశాడనుకున్నాను. ఆ సంవత్సరాన్ని తుడిచేశాను. హెచ్చరిక పోయింది. పటం చక్కగా కుదిరింది.

సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఆ పటాన్ని అచ్చు వేయించి అత్తయ్యకు చూపించాను. ఆవిడ పెదనాన్న పేరు దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూసింది. "అన్నయ్యను కన్నది మా అమ్మ కాదురా. మా పెద్దమ్మ" అంది.

తాతగారికి మొదట పెళ్ళయింది అక్కతో. పెదనాన్న పుట్టిన కొద్ది రోజులకు ఆమె పోయింది. పసిబిడ్డను చూసుకోవడానికి చెల్లెలిని ఇచ్చి చేశారు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ వాళ్ళ నానమ్మ పేరే, పెద, చిన అన్న తేడాతో. ఇంట్లో ఆమె ఫొటో లేదు. ఆమె పేర ఏ కాగితమూ లేదు. ఆమె ఉన్నదనడానికి బావ తన తల్లి నోట విని వేసిన ఆ మరణ సంవత్సరమొక్కటే రాతపూర్వకమైన సాక్ష్యం. శాసనాలలో ఒక అక్షరం చెరిగితే వాపోయే నేను దానిని ఒక మీట నొక్కి తుడిచేశాను. పెదనాన్న తన జీవితమంతా చెల్లెలినే అమ్మా అని పిలిచాడు. అందువల్ల మా తరంలో ఎవరికీ ఈ సంగతి తెలియలేదు. పరబ్రహ్మశాస్త్రిగారు బేతియ విషయంలో వేసిన ప్రశ్న నేను మా ఇంటి విషయంలో వేయలేదు.

సాంకేతికంగా ఇది నివారించలేనిది కాదు. ఒకే వ్యక్తికి ఒకటికంటె ఎక్కువ పేర్లను, ఒకే ఘటనకు ఒకటికంటె ఎక్కువ తేదీలను జెడ్‌కామ్ అనుమతిస్తుంది. ఎక్కువ నమ్మదగినదానిని ముందు పెట్టాలని మాత్రమే అంటుంది. ప్రతి అంశానికీ ఆధారాన్ని జతచేసే ఏర్పాటు ఉంది. దత్తత వెళ్ళిన బిడ్డను కన్నవారి కుటుంబానికీ పెంచుకున్నవారి కుటుంబానికీ రెండింటికీ కలిపి, ఏది ఏ సంబంధమో చెప్పే వీలుంది. అంటే పరస్పర విరుద్ధమైన రెండు సాక్ష్యాలను పక్కపక్కన నిలపడానికి యంత్రానికి అభ్యంతరం లేదు. పటం నున్నగా కనబడాలన్న తొందర మనది. విలీనానికి ముందు రెండు ఫైళ్ళ ప్రతులను విడిగా భద్రపరచడం, "ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు" అన్న ఒక్క వాక్యాన్ని ప్రతి పేరుకూ చేర్చడం, హెచ్చరిక వచ్చిన చోట ఆగి ఇంట్లో పెద్దవారిని అడగడం: ఇవి శాసన పరిష్కర్తలు ఏనాటి నుంచో పాటిస్తున్న పద్ధతులే. జీవించి ఉన్నవారి వివరాలను పంపేముందు వారి అనుమతి తీసుకోవడం వీటికి తోడు కావాలి. పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు వంటివి బ్యాంకులు అడిగే రహస్య ప్రశ్నలకు జవాబులని చాలామంది మరచిపోతారు.

బావ పంపిన మూలప్రతి నా మెయిల్‌లో మిగిలి ఉండడం అదృష్టం. దాని నుంచి ఆమెను మళ్ళీ విడదీశాను. ఇప్పుడు మా ఫైలులో తాతగారికి ఇద్దరు భార్యలు. పెదనాన్నకు కన్నతల్లి ఒకరు, పెంచిన తల్లి ఒకరు. పేరుకు ముందు "పెద" అని చేర్చాను. పుట్టిన సంవత్సరం గడి ఖాళీగా ఉంది. మరణ తేదీ దగ్గర అత్తయ్య చెప్పిన తిథిని తెలుగులోనే రాశాను. ఆధారం అన్న చోట "అత్తయ్య వాక్కు, సంక్రాంతి రోజు, పెదనాన్న ఎదుట" అని ఉంది.