ఐసోల్యూసిన్ కొరత చర్మవ్యాధి

పుట్టుకతో వచ్చే కొన్ని జీవక్రియా లోపాలకు కఠినమైన పథ్యం పాటిస్తున్న పసిపిల్లల్లో, ఆవశ్యక అమైనో ఆమ్లాలు మరీ తగ్గిపోయినప్పుడు వచ్చే చర్మ సమస్య ఇది. మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధి ఉన్న శిశువుల్లో దీన్ని ప్రధానంగా గుర్తించారు. మిథైల్‌మలోనిక్, ప్రొపియోనిక్ అసిడీమియాలకు ప్రొటీన్ తగ్గించి ఇస్తున్న పిల్లల్లోనూ ఇలాంటి పుండ్లే కనిపిస్తాయి.

నేపథ్యం: మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధిని 1954లో జాన్ మెంకిస్, ఆయన సహచరులు వర్ణించారు. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలను విడగొట్టే ఎంజైమ్ లోపించి అవి రక్తంలో పేరుకుపోతాయి; మూత్రం మాడిన చక్కెర వాసన వేస్తుంది. లోపమున్న జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే ఈ వ్యాధి వస్తుంది కాబట్టి మేనరికాల్లో ముప్పు ఎక్కువ.

కారణం: మెదడుకు ఎక్కువ హాని చేసేది ల్యూసిన్. దాన్ని దించడానికి ఈ మూడూ లేని ప్రత్యేక పాలపొడి ఇస్తారు. అయితే మూడూ ఒకే వేగంతో తగ్గవు. ల్యూసిన్ ఇంకా ఎక్కువగా ఉండగానే ఐసోల్యూసిన్ అడుగంటిపోవచ్చు. అప్పుడు శరీరం కొత్త ప్రొటీన్ తయారు చేసుకోలేదు. నిత్యం కొత్త కణాలు పుట్టే చర్మం, పేగు లోపలి పొర ముందుగా దెబ్బతింటాయి.

లక్షణాలు: నోటి చుట్టూ, కళ్ల దగ్గర, డైపర్ కట్టే చోట, గజ్జల్లో చర్మం ఎర్రబడి, పొరలుగా ఊడి, పచ్చిపుండ్లు పడుతుంది. విరేచనాలు, జుట్టు రాలడం, బరువు పెరగకపోవడం తోడవుతాయి.

నిర్ధారణ: చూపుకు ఇది జింక్ లోపం వల్ల వచ్చే ఆక్రోడెర్మటైటిస్ ఎంటెరోపతికాను పోలి ఉంటుంది. డైపర్ ఒరుపు అనో, ఫంగస్ అనో పొరబడే అవకాశమూ ఉంది. రక్తంలో జింక్ సరిపడా ఉండి ఐసోల్యూసిన్ బాగా తగ్గి ఉంటే కారణం తెలిసినట్టే.

చికిత్స: పూత మందులతో ఇది నయం కాదు. కొలిచి ఐసోల్యూసిన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే పుండ్లు మానుతాయి. అవసరాన్ని బట్టి వాలిన్ కూడా కలుపుతారు. ఇవి అందాక శరీరం మళ్లీ ప్రొటీన్ తయారీ మొదలుపెట్టి, మిగిలిన ల్యూసిన్‌ను అందులో వాడుకుంటుంది; దాని స్థాయీ దిగుతుంది.

పుండ్లు కనిపించాయని తల్లిదండ్రులు సొంతంగా మామూలు పాలు పెంచడం, పథ్యం మానేయడం ప్రమాదం: ల్యూసిన్ ఒక్కసారిగా పెరిగి బిడ్డ స్పృహ కోల్పోవచ్చు. వెంటనే జీవక్రియా వ్యాధుల వైద్యులకు చూపించి, అమైనో ఆమ్లాల రక్తపరీక్ష చేయించాలి.