సరస్సు మధ్య సువార్త



1962 నుండి 1965 వరకు కతోలిక సంఘములో రెండవ వాటికన్ మహాసభ జరిగింది. అంతవరకు లాటిన్‌లో సాగిన పూజ ప్రజల మాతృభాషలోకి రావడానికి అది దారి తీసింది. అయితే భాష మారినంత మాత్రాన మౌనంగా కూర్చున్న జనము నోరు తెరవదు. అలా నోరు తెరిచిన ఒక చిన్న సంఘమును గూర్చి ఈ వారం ధ్యానించాలని కోరుచున్నాము.

మధ్య అమెరికాలోని నికరాగువా దేశంలో ఒక పెద్ద సరస్సు ఉంది. అందులో సొలెంటినామె అనే ద్వీపాలున్నాయి. అక్కడివారు జాలరులు, చిన్న రైతులు. 1966లో ఎర్నెస్టో కార్దెనాల్ అనే కతోలిక గురువు వారి మధ్య నివాసమేర్పరచుకున్నాడు. ఆయన కవి కూడా. ఆదివారం సువార్త చదివాక ఆయన ప్రసంగించేవాడు కాడు, జనమును మాట్లాడనిచ్చేవాడు. చదువు రాని పెద్దలకు పిల్లలు చదివి వినిపిస్తే, ఒక్కొక్క వచనం గురించి అందరూ మాట్లాడుకునేవారు. వల, పడవ, గాలివాన అంటే ఏమిటో ఆ జాలరులకు వేరుగా వివరించనక్కరలేదు. ఆ మాటలను టేపులో పట్టి తరువాత పుస్తకంగా అచ్చువేశారు.

వారు రంగులు కూడా చేతబట్టారు. సువార్త సంగతులను తమ సరస్సు, తమ చెట్ల మధ్యనే చిత్రించారు. శిశువులను చంపిన హేరోదు సైనికులకు తమ దేశపు సైనికుల దుస్తులు తొడిగారు. వాక్యము తమ కాలంలోనే, తమ ఊరిలోనే జరుగుతున్నట్టు చూశారు.

అప్పుడు ఆ దేశాన్ని సొమోజా అనే నియంత ఏలుతున్నాడు. 1977 అక్టోబరులో అక్కడి యువకులు కొందరు ఆయుధాలు పట్టి సాన్ కార్లోస్ సైనిక స్థావరంపై దాడిలో పాల్గొన్నారు. సైన్యం వచ్చి ఆ సమాజాన్ని ధ్వంసం చేసింది. పేతురు కత్తిని ఒరలో పెట్టించిన ప్రభువును ఎరిగిన మనము ఆ ఆయుధాలను సమర్థించలేము. అలాగని, సామాన్యుల నోట వాక్యము పలికించడమే తప్పని అనగలమా?

ఎమ్మాయు దారిలో ప్రభువు మొదట ప్రశ్న అడిగాడు. ఆ ఇద్దరి దుఃఖమంతా విన్నాడు. తరువాతనే మోషే మొదలుకొని లేఖనాలు విప్పి, వారి మందమతిని సరిచేశాడు. వినడం, బోధించడం రెండూ ఆయన చేసినవే. ఒకటుంటే రెండవది అక్కరలేదని తలంచరాదు.

మార్టిన్ లూథర్ 1522లో కొత్త నిబంధనను జర్మన్ ప్రజల భాషలో వారి చేతికిచ్చాడు. విశ్వాసులందరూ యాజకులేనని మనము బోధిస్తాము. అయినా మన మందిరాలలో మైకు పాస్టరు చేతిలోనే ఉంటుంది! ఈ విషయంలో ఒక ఆర్.సి.ఎం. ఫాదరు దగ్గర నేర్చుకోవడానికి మనము సిగ్గుపడనక్కరలేదు.

ప్రియులారా, ఈ వారం గృహకూడికలో వాక్యము చదివిన తరువాత, అక్షరం రాని తల్లి ఎవరైనా ఉంటే ఆమెను ముందుగా అడగండి. ఆమె జవాబు చెప్పేవరకు ఓపికతో ఆగండి. సండేస్కూలు పిల్లల చేత ప్రభువు ఎక్కిన పడవను మన చెరువు మీద బొమ్మగా వేయించండి. వినే చెవులను ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.