దక్షిణ ధ్రువానికి నడిచిన ట్రాక్టర్లు

పొలం దున్నే ట్రాక్టరు భూమి చిట్టచివరనున్న దక్షిణ ధ్రువం దాకా నడిచి వెళ్లిందంటే మీకు వింతగా తోచవచ్చు. కాని అది జరిగిన సంగతే. ఎత్తుకు పోయేకొద్దీ ఇంజను ఎందుకు నీరసిస్తుందో ఈ చరిత్ర వల్ల మనకు బోధపడుతుంది.

1953 మే 29న టెన్సింగ్ నార్గేతో కలిసి ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ మీకు తెలిసినవాడే. ఆయన వృత్తిరీత్యా న్యూజీలాండులో తేనెటీగలు పెంచే రైతు. తరువాత వివియన్ ఫుక్స్ అనే శాస్త్రజ్ఞుడు అంటార్కిటికా ఖండాన్ని ఈ కొస నుండి ఆ కొసకు దాటాలని బయలుదేరినప్పుడు, ఎదురు దారిలో ఇంధనం, తిండి నిలవచేసి పెట్టే పని హిల్లరీకి ఒప్పగించారు.

ఆయన చేతికి వచ్చిన బండ్లు ఏవనుకున్నారు? ఫెర్గూసన్ టి.ఇ.20 ట్రాక్టర్లు. 1946 నుండి 1956 వరకు ఇంగ్లండులోని కోవెంట్రీలో 5 లక్షలకు పైగా తయారైన చిన్న ట్రాక్టరు అది. నేడు మన ట్రాక్టర్ల వెనుక నాగలిని మూడుచోట్ల తగిలించి, హైడ్రాలిక్ బలంతో ఎత్తి దించే ఏర్పాటును లోకమంతటా వ్యాపింపజేసిన ఘనత దానిదే.

మంచులో దిగబడకుండా ముందు వెనుక చక్రాలను కలుపుతూ పట్టాలు తొడిగారు. మంచు చీలికల్లో పడిపోకుండా ఒకదానినొకటి తాళ్లతో కట్టారు. 1957 అక్టోబరు 14న స్కాట్ బేస్ నుండి బయలుదేరి, 1958 జనవరి 4న మూడు ట్రాక్టర్లూ ధ్రువం చేరాయి. అప్పటికి మిగిలిన పెట్రోలు సుమారు 20 గ్యాలన్లే! లెక్క కాస్త తప్పితే ఆ మంచులో వారి గతేమిటో ఊహించుకోండి.

దక్షిణ ధ్రువం బల్లపరుపుగా కనిపించినా, సముద్రమట్టానికి 2,835 మీటర్ల ఎత్తున, అంటే సుమారు 9,300 అడుగుల మీద ఉన్నది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. మనిషికి ఆయాసం వచ్చినట్లే ఇంజనుకూ వస్తుంది. ప్రతి 1,000 అడుగులకు బలం నూటికి 3 వంతుల చొప్పున తగ్గుతుందని మోటు లెక్క. చలిగాలి చిక్కగా ఉంటుంది గనుక ధ్రువం దగ్గర కొంత నష్టం పూడుతుంది.

బలం తగ్గడమొక్కటే కాదు. కార్బురేటరు జెట్టు పల్లపు గాలికి సరిపోయేటట్లు అమర్చి ఉంటుంది. గాలి పలచబడినా పెట్రోలు ఆ మేరకు తగ్గదు. మిశ్రమం చిక్కనై నల్లపొగ వస్తుంది, ప్లగ్గుకు మసి పడుతుంది, నూనె దండుగవుతుంది. అందుకే కొండలపై తిరిగే కార్బురేటరు బండ్లకు చిన్న జెట్టు వేస్తారు. పల్లానికి దిగగానే పాత జెట్టు తిరిగి వేయవలెను. మరచిపోతే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కి వాల్వులు కాలిపోగలవు. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో గాలి ఒత్తిడిని కనిపెట్టే సాధనం ఈ పనిని తానే చూసుకుంటుంది.

మన ట్రాక్టర్లు డీజిలువి, వాటికి జెట్టు లేదు. అయినా గాలి సూత్రం ఒక్కటే. అరకు వంటి 3,000 అడుగుల చోట నూటికి 9 వంతుల బలం తగ్గవచ్చు గనుక, పల్లంలో లాగినంత బరువు అక్కడి ఎగుడులో కట్టకండి. నల్లపొగ వస్తే గేరు తగ్గించండి.

మరొక మాట. ఎయిర్ క్లీనరు దుమ్ముతో పూడుకుపోతే మీ ట్రాక్టరు పొలంలో నిలిచే కొండ ఎక్కినట్లు! దుక్కి రోజుల్లో దానిని ప్రతిదినం చూసుకోండి. విస్తరణ కార్యకర్తలు గ్రామాలకు పోయినప్పుడు, నల్లపొగ కనిపించగానే ముందుగా ఎయిర్ క్లీనరు విప్పి రైతుకు చూపించాలి. పంపు విప్పడం ఆ తరువాతి పని. గాలి సరిగా అందితే డీజిలు ఆదా, ఇంజనుకు ఆయుష్షు.