రాయలసీమ వంటనూనెలు: కొవ్వు ఆమ్లాలు, గుండె ఆరోగ్యం

వంటనూనెలోని కొవ్వు ఆమ్లాల పాళ్లను బట్టి రక్తంలో కొలెస్టరాల్ పెరగడమో తగ్గడమో జరుగుతుంది. గుండె రక్తనాళాల మంచిచెడ్డలు చాలావరకు దానిమీదే ఆధారపడతాయి. బనగానపల్లె, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో కుసుమ, పొద్దుతిరుగుడు పండినా, సీమ వంటింటి ప్రధాన నూనె మాత్రం డోన్, పత్తికొండ ఎర్రనేలల్లో వానమీద పండే వేరుశనగదే. కర్నూలు వాడుకలో ఇవే బుడ్డలు.

వేరుశనగ పప్పు బరువులో దాదాపు సగం నూనే. మామూలు రకాల నూనెలో 40–50 శాతం ఓలియిక్ ఆమ్లం, 30 శాతం పైచిలుకు లినోలియిక్ ఆమ్లం ఉంటాయి. మిగిలినది ఎక్కువగా పామిటిక్ వంటి సంతృప్త ఆమ్లాలు. సంతృప్త కొవ్వు చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచుతుంది. దాని స్థానంలో మొదటి రెండూ తీసుకుంటే తగ్గుతుంది. కుసుమ నూనెలో సుమారు ముప్పాతిక వంతు లినోలియిక్ ఆమ్లమే. కొలెస్టరాల్ పరంగా అది మేలైనదే గాని, గాలీ వేడీ తగిలితే త్వరగా చెడుతుంది. నిల్వ ఉన్న బుడ్డలు నోట్లో వేసుకోగానే తగిలే మక్కు రుచికి కారణం కూడా ఈ ఆమ్లం ఆక్సిజన్‌తో కలవడమే.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలు 2020లో విడుదలయ్యాయి. ఓలియిక్ ఆమ్లాన్ని లినోలియిక్‌గా మార్చే జన్యువులు వీటిలో దెబ్బతిని ఉంటాయి. అందువల్ల ఓలియిక్ శాతం 80 దరిదాపులకు చేరి, పప్పూ నూనే ఎక్కువకాలం నిలుస్తాయి. వేడికి మాడిపోయే సీమకు ఇది చిన్న లాభం కాదు.

వేరుశనగలో దాదాపు లేనిది ఒమేగా-3. సీల్, తిమింగలాల మాంసం తినే గ్రీన్‌లాండ్ ఇన్యూట్ ప్రజలను 1970లలో డెన్మార్క్ పరిశోధకులు బాంగ్, డైయర్‌బర్గ్ పరిశీలించి, వారిలో గుండెజబ్బు తక్కువని చెప్పాకే ఈ ఆమ్లాలకు పేరొచ్చింది. వారిలో గుండెజబ్బు నిజంగా అంత తక్కువేనా అని తర్వాతి పరిశోధకులు సందేహించారు. ఆ సముద్ర జంతువుల ఒంట్లోని ఒమేగా-3కి మూలం నాచే. చేపల ద్వారా వాటికి అందుతుంది. కడలికి దూరమైన సీమలో ఆ లోటును కొంత తీర్చేది అవిసె గింజల కారం. అవిసె నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ అనే ఒమేగా-3 ఆమ్లమే. అయితే చేపల్లో దొరికే రూపంలోకి శరీరం మార్చుకోగలిగేది అందులో స్వల్పభాగం.

నూనె ఎంత మంచిదైనా కాచే తీరు దాన్ని చెడగొడుతుంది. ఉగ్గాని పక్కన పెట్టే మిరపకాయ బజ్జీల కోసం పొద్దుటి నుంచి మరుగుతున్న బాణలిలో నూనె చిక్కబడి, నల్లబడి, నురుగు తేలుతుంది. ఇలా కాగేకొద్దీ పుట్టే ధ్రువ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వాడకూడదని దేశంలో నిబంధన ఉంది. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు ఇంకా హానికరం. చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచడమే కాక మంచిదాన్ని తగ్గిస్తుంది. 2022 జనవరి నుంచి నూనెల్లో దాని పరిమితి 2 శాతం.

ఒకే నూనెకు కట్టుబడకుండా మార్చి మార్చి వాడమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఏ నూనె అయినా గ్రాముకు 9 కిలోకేలరీలే.