ఆగిన పంపు, ఆగని లెక్క

పంపు ఆగి అరగంట దాటింది. వాల్వు మూసే ఉంది. కంట్రోల్ రూములో ఫ్లో ట్రాన్స్‌మిటర్ మాత్రం గంటకు 1.8 ఘనపు మీటర్ల హెక్సేన్ పోతోందని చూపిస్తోంది.

గోదావరి జిల్లాల్లో తవుడు నూనె తీసే కర్మాగారమది. పేరు వద్దు. తవుడులోని నూనెను కరిగించి తీసే ద్రావకం హెక్సేన్; అక్కడ దాని లెక్క తప్పితే ఎవరికీ నిద్ర పట్టదు. పోతే డబ్బు పోతుంది, ఎక్కడో కారుతుంటే నిప్పురవ్వ చాలు. కొన్ని రాత్రులుగా మీటరు లెక్కకూ ట్యాంకు మట్టానికీ పొంతన లేదు. పంపు నడవని ఒక్క ఎనిమిది గంటల షిఫ్టులో 14.4 ఘనపు మీటర్లు కాగితం మీద పారిపోతున్నాయి.

"క్యాలిబ్రేషన్ తప్పుంటుంది" అన్నాడు షిఫ్ట్ ఇన్‌చార్జి. ఎక్కడైనా ముందు నింద పడేది దాని మీదే.

ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్ కుర్రాడు సిగ్నల్ జనరేటర్ పట్టుకొచ్చాడు. లైనులో ఉన్నది ఒకటిన్నర అంగుళాల టర్బైన్ మీటర్. ద్రవం తోస్తే లోపల చక్రం తిరుగుతుంది. ఒక్కో రెక్క దాటినప్పుడల్లా పైనున్న పికప్ కాయిల్‌లో ఒక పల్స్ పుడుతుంది. లీటరుకు 100 పల్సులు, దాని కె-ఫ్యాక్టర్ అదే. సెకనుకు 1000 వస్తే 10 లీటర్లు, అంటే గంటకు 36 ఘనపు మీటర్లు. వాటిని లెక్కపెట్టి 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లుగా మార్చడమే ట్రాన్స్‌మిటర్ పని.

హెక్సేన్ ఆవిరి ఉన్న చోటికి మామూలు జనరేటర్ తీసుకెళ్లనివ్వరు. అందుకని ప్యానెల్ దగ్గరే ఫీల్డు వైర్లు ఊడదీసి, ఆ టర్మినళ్లకు ఫ్రీక్వెన్సీ ఇచ్చాడు. సున్నా హెర్ట్జ్‌కు 4.00. 250కి 8.00. 500కి 12.00. 1000కి 20.00. వంక పెట్టడానికి లేదు. వైర్లు తిరిగి బిగించాడు. 4.80!

"గురువుగారూ, లో ఫ్లో కటాఫ్ పెంచేద్దామా? రెండు లోపు ఎంతొచ్చినా సున్నా చూపిస్తుంది."

రిటైర్మెంటుకు దగ్గరపడ్డ టెక్నీషియన్ తల అడ్డంగా ఊపాడు. "నిజంగా కారిన రోజున కూడా సున్నాయే చూపిస్తుంది బాబూ. 4.80 అంటే ఎన్ని హెర్ట్జో చెప్పు ముందు."

"యాభై" అన్నాడు కుర్రాడు. అని, ఆగిపోయాడు.

ఫీల్డు వైర్లు మళ్లీ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 49.98, 50.01, మళ్లీ 49.97. చక్రం కదలడం లేదు. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ కలిశాక దేశమంతా ఒకే తాళానికి నడుస్తున్న కరెంటు అది; ఇక్కడ హెక్సేన్ వేషం కట్టింది.

పికప్ కాయిల్ ఇచ్చేది మిల్లీవోల్టుల్లో ఉండే సిగ్నల్. దాన్ని పట్టుకోవాలంటే ట్రాన్స్‌మిటర్ చెవి సూక్ష్మంగా ఉండాల్సిందే. ద్రవం పారుతున్నంతసేపూ చక్రం సిగ్నలే గట్టిది కాబట్టి లెక్క సరిగ్గా ఉండేది. చక్రం ఆగగానే పక్క కేబుల్ గొణుగుడు వినపడేది. నన్నడిగితే అసలు తిరకాసు పరీక్షలోనే ఉంది: క్యాలిబ్రేషన్ కోసం వైరు ఊడదీసిన చెయ్యే జబ్బును కూడా పక్కకు తీసేసింది.

కేబుల్ ట్రే వెంట వెళ్లి చూశారు. కూలింగ్ టవర్‌లో కొత్తగా బిగించిన ఫ్యాన్ మోటారు పవర్ కేబుల్, పికప్ కేబుల్‌ను రాసుకునే ఉంది.

"ఆ ఫ్యాన్ ఒక్క నిమిషం ఆపించండి."

4.00.

"ఇప్పుడు వెయ్యండి."

4.80.

ప్యానెల్ వెనక పికప్ కేబుల్ షీల్డు ఎర్తుకు కలవకుండా గాల్లో వేలాడుతోంది. ఫ్యాన్ పనిలో ఎవరో కేబుల్ జరుపుతూ తెంపి వదిలేశారు. షీల్డును ప్యానెల్ వైపు మాత్రమే ఎర్తు చేసి, మీటరు వైపు కొసకు టేపు చుట్టారు. రెండు కొసలూ కలిపితే షీల్డులోనే కరెంటు తిరిగి ఇంకో తలనొప్పి. పవర్ కేబుల్‌ను వేరే ట్రేలోకి మార్చారు.

మర్నాటి నుంచి క్యాలిబ్రేషన్ షీటులో అడుగున ఇంకో గడి చేరింది: ఫీల్డు వైర్లు బిగించాక, పంపు ఆపి, చుట్టుపక్కల మోటార్లన్నీ నడుస్తుండగా రీడింగ్.